రోటవేటర్ దించగానే బండి ఆగిపోతోందా? పంపు విప్పించే ముందు ట్యాంకు దగ్గర మొదలుపెట్టండి

జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లుకున్నవాళ్లకి ఇప్పుడు ఒకటే హడావిడి. 45 రోజులు దాటి పూత మొదలైందంటే నేలలో కలిపెయ్యాలి. ఇంకో పది రోజులు ఆగితే జీలుగ కాండం పీచు కట్టేస్తుంది, కుళ్లడానికి టైం తీసుకుంటుంది, నాట్లు వెనక్కి పోతాయి. యూరియా బస్తా మీద ఆధారపడేవాళ్లకి ఇది పెద్ద లెక్క కాదు. మనకి పైరుకందే నత్రజనిలో పెద్ద వాటా ఆ పచ్చిరొట్టే. సరిగ్గా ఆ వారంలోనే ట్రాక్టర్లు మొరాయిస్తాయి. అప్పటిదాకా ట్రాలీ లాగిన బండికి ఒక్కసారిగా రోటవేటర్ లోడు పడేసరికి డీజిల్ లైన్లో ఎప్పటినుంచో ఉన్న లోపం బయటపడుతుంది.

పైన వీడియోలో కనిపిస్తున్నది మా ఊళ్లో బాబాయి గారి ట్రాక్టర్. స్టార్ట్ అవుతుంది, రోడ్డు మీద బాగానే పోతుంది. జీలుగ చేలో రోటవేటర్ దించాక పావుగంటకి రేస్ పడిపోయి ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్ట్. "అబ్బాయ్, పంపు పోయిందంట, టౌన్‌కి పంపాలంట, నాలుగు రోజులు పడుతుందంట" అన్నారు బాబాయి. అప్పటికి జీలుగ వయసు 50 రోజులు. ఫిల్టర్లు రెండుసార్లు మార్చారు కూడా.

నేను మొదట చూసింది సైలెన్సర్ పొగ. లోడు మీద పవర్ తగ్గి, నల్లపొగ కక్కుతుంటే డీజిల్ తక్కువై కాదు. గాలి చాలట్లేదు, లేదా నాజిల్ సరిగ్గా చిమ్మట్లేదు. ముందు ఎయిర్ క్లీనర్ విప్పండి, మెట్టదుక్కిలో దుమ్ముకి అదే మూసుకుపోతుంది. పవర్ తగ్గినా పొగ పెద్దగా లేకపోతే మాత్రం ఇంజన్‌కి డీజిల్ అందట్లేదని అర్థం. తెల్లపొగ వస్తూ మిస్ ఫైర్ కొడితే డీజిల్లో నీళ్లు ఉన్నాయేమో చూడాలి. నీలంపొగ అయితే ఇంజన్ ఆయిల్ మండుతోంది, అది వేరే కథ. బాబాయి బండికి పొగే లేదు.

డీజిల్ దారి గుర్తుపెట్టుకుంటే చాలు. ట్యాంకు, దాని కింద ట్యాప్, గొట్టం, ఫీడ్ పంపు, రెండు ఫిల్టర్లు, తర్వాత పెద్ద పంపు, అక్కణ్ణుంచి సన్న ఇనప పైపులు, నాజిళ్లు. పెద్ద పంపు దాకా ఉన్నదంతా తక్కువ ప్రెషర్ లైను. అక్కడి లోపాలు రైతు చేలో పానాలతో సరిచేసుకోగలడు. పంపు తర్వాత మామూలు ఇంజన్లలోనే సుమారు 200 బార్ ప్రెషర్ ఉంటుంది, అది టెస్టర్, క్యాలిబ్రేషన్ బెంచి ఉన్నవాళ్ల పని. చౌక వైపు అంతా చూశాకే ఖరీదు వైపు పోవాలి. మన దగ్గర చాలాసార్లు తిరగేసి జరుగుతోంది.

ట్యాంకు మూత వదులు చేసి నడపడం పైసా ఖర్చులేని పరీక్ష. మూతలో గాలి పోయే సన్న రంధ్రం ఉంటుంది. దమ్ములో బురద చింది అది పూడిపోతే, డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో ఖాళీ ఏర్పడి డీజిల్ కిందికి రాదు. మూత వదులు చేసినప్పుడు బండి ఆగకుండా నడిస్తే ఆ రంధ్రంలో సన్న తీగ పెట్టి శుభ్రం చేస్తే సరిపోతుంది. మన బండికి తేడా రాలేదు.

తర్వాత ఫీడ్ పంపు దగ్గరికి వచ్చే గొట్టం ఊడదీసి బకెట్‌లో పెట్టి ట్యాప్ తిప్పాం. ట్యాంకు ఎత్తులో ఉన్న బండికి ధార నిండుగా పడాలి. ఇక్కడ దారప్పోగులా పడింది. ఫిల్టర్లు కొత్తవైనా లాభం లేకపోయింది ఇందుకే, డీజిల్ అక్కడిదాకా వస్తేగా! మూత తీసి గొట్టంలోంచి ట్యాంకులోకి గాలి కొడితే లోపల బుడబుడమంది, ధార పెరిగింది. ట్యాంకు మొత్తం దించేశాం. అడుగున గోధుమరంగు జిగురు, కోడిగుడ్డు సొనలా. వీడియోలో దగ్గర నుంచి చూపించాను.

ఆ జిగురు మన పాత చుట్టమే. జీవామృతం డ్రమ్ములో మనం పెంచే సూక్ష్మజీవుల్లాంటివే డీజిల్లోనూ బతుకుతాయి. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి చేరతాయి, ఆ నీళ్లకీ డీజిల్‌కీ మధ్య పొరలో బూజు, బ్యాక్టీరియా డీజిల్నే తిని పెరుగుతాయి. నీళ్లు లేకపోతే వాటికి బతుకు లేదు. బాబాయి డీజిల్ నిలవ పెట్టింది వాకిట్లో మూత సరిగా పట్టని జింకు పూత డ్రమ్ములో. వాన నీళ్లు దిగాయి. పైగా జింకుతో డీజిల్ కలిస్తే మడ్డి కడుతుంది, జింకు పూత డ్రమ్ము అసలు వాడకూడదు. డీజిల్ కోసమే చేసిన గట్టి ప్లాస్టిక్ క్యాన్ నయం. అనుమానముంటే ట్యాంకు అడుగు డీజిల్ గాజు సీసాలో పట్టి గంట కదపకుండా ఉంచండి. నీళ్లుంటే కింద గీత కనిపిస్తుంది.

ట్యాంకు కడిగాక లైన్లో గాలి తీయాలి. మొదటి ఫిల్టర్ పైన స్క్రూ వదులు చేసి హ్యాండ్ ప్రైమర్ కొట్టండి, నురగ పోయి బుడగల్లేకుండా డీజిల్ వచ్చాక కొడుతూనే బిగించండి. తర్వాత రెండో ఫిల్టర్, ఆ తర్వాత పంపు మీది స్క్రూ. ఈ వరసే. రాగి వాషర్లు నొక్కుకుపోయి ఉంటే కొత్తవి వేయండి. లాగే వైపు గొట్టం పగిలితే ఇంజన్ నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి కారకుండా గాలే లోపలికి పోవచ్చు, కంటికి దొరకదు. అనుమానమొస్తే కాసేపు పారదర్శక గొట్టం తగిలించి చూడండి, బుడగలు కనిపిస్తాయి.

ఏ నాజిల్ పోయిందో తెలుసుకోవడానికి స్లో రేస్‌లో ఒక్కో పైపు నట్టు వదులు చేస్తారు. శబ్దం మారితే ఆ సిలిండర్ మంచిదే, మారకపోతే దాని మీదే అనుమానం. ఇది పాత మెకానికల్ పంపు బండ్లకే. గుడ్డ అడ్డం పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని చేయాలి. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకి ట్రెమ్ 4 నిబంధన వచ్చాక కామన్ రైల్ ఇంజన్లు ఎక్కువయ్యాయి. వాటిలో 1,000 బార్ దాటుతుంది, నడుస్తుండగా ఒక్క నట్టు కూడా ముట్టొద్దు. చిమ్మే డీజిల్ చర్మంలోకి దిగితే బయటికి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లుతుంది. వెంటనే ఆస్పత్రికి పోవాలి.

నిజంగానే పంపు పోయే బండ్లూ ఉంటాయి. ధార నిండుగా ఉంది, బుడగల్లేవు, ఫిల్టర్లు, నాజిళ్లు పరీక్షలో నెగ్గాయి, అయినా పవర్ లేదంటే పంపాల్సిందే. ఇంజన్ ఆయిల్ లెవెల్ పెరిగి డీజిల్ వాసన వస్తుంటే బండి నడపకుండా చూపించండి. కిరసనాయిలు కలిసిన డీజిల్ కూడా పంపుని తినేస్తుంది, దాని లోపలి భాగాలకి డీజిలే కందెన. పంపు సీలు మాత్రం చేలో తెంపనివ్వకండి.

బాబాయి బండికి అయిన ఖర్చు రెండు ఫిల్టర్లు, నాలుగు వాషర్లు, ఒక పూట. మర్నాడు జీలుగ నేలలో కలిసింది. ఇప్పుడు పని అయ్యాక సాయంత్రమే ట్యాంకు నింపుతున్నారు, ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి చెమ్మ పట్టకుండా.

దించిన డీజిల్‌ని క్యాన్‌లో రెండు రోజులు తేరనిచ్చి, పైది సామాన్లు కడగడానికి ఉంచాం. అడుగు మడ్డి గట్టు మీదో కాలవలోనో పొయ్యకండి. పాత ఇంజన్ ఆయిల్ కొనేవాళ్లు పట్టుకెళ్తారేమో అడగండి, అప్పటిదాకా మూత బిగించి నీడన పెట్టండి.