పక్క వీధికి ఇంత చుట్టు ఎందుకు?

కాకినాడ మెయిన్ రోడ్డు కిక్కిరిసి ఉంటే ఏం చేస్తారు? ఏదో ఒక అడ్డవీధిలోంచి సినిమా రోడ్డులోకి వెళ్లిపోతారు. రెండూ పక్కపక్కనే సాగే రోడ్లు, మధ్యలో అడ్డవీధులు బోలెడు. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి.

రాజమహేంద్రవరం శివార్ల కొత్త కాలనీల్లో చాలాచోట్ల ఈ సుఖం లేదు. గోడ అవతల కనిపించే స్నేహితుడి ఇంటికి వెళ్లాలన్నా పెద్ద రోడ్డెక్కి చుట్టూ తిరిగి రావాలి.

ఎందుకిలా? ఊరు పొలాల మీదికి ముక్కముక్కలుగా పెరుగుతుంది. ఒక రైతు రెండెకరాలు అమ్ముతాడు, అక్కడో లేఅవుట్ వెలుస్తుంది. దాని రోడ్డు చేను గట్టు దగ్గరే ఆగిపోతుంది. పక్క చేను ఎప్పుడో ప్లాట్లయినప్పుడు, దాని రోడ్డు సరిగ్గా దీనికి ఎదురుగా రావాలని ఏముంది? డెల్టాలో ఇంకో చిక్కు, కాలువలు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయల్దేరిన కాలువలు పొలాలకు ప్రాణం పోశాయి. కానీ ప్రతి వీధికీ ఓ వంతెన ఎవరు కడతారు?

దీన్ని కొలవచ్చు కూడా. కూడలిలో ఎన్ని దారులు కలుస్తున్నాయో లెక్కపెట్టండి. నాలుగైతే భేష్, మూడైతే పర్వాలేదు, ఒక్కటే అయితే డెడ్ ఎండ్. బారింగ్టన్-లీ, మిల్లార్డ్-బాల్ అనే పరిశోధకులు ప్రపంచమంతటి రోడ్ల పటాలను ఇలాంటి లెక్కలతోనే పరిశీలించి, చాలాచోట్ల కొత్త వీధుల మధ్య కలయిక తగ్గుతోందని 2020లో ప్రకటించారు.

డెడ్ ఎండ్‌లో క్రికెట్ హాయిగా ఆడుకోవచ్చు, కాదనను. కానీ నడిచే దూరానికీ బండి తీయాలి, బళ్లన్నీ ఒకే రోడ్డెక్కాలి. ఇళ్లు లేచాక దారి తెరవాలంటే ఎవరి గోడ పడగొడతారు? ముందే సైకిలు పట్టేంత సందు వదిలినా బడి చాలా దగ్గరవుతుంది.