పాత సిటీ వీటెక్‌కి ఇంజిన్ మార్చాలా? పవర్ కంటే ముందు నంబర్ చూడండి

ఫోన్ బోర్డు పోయినప్పుడు మనందరికీ వచ్చే డౌట్ ఒకటే. ఉన్న బోర్డునే రిపేర్ చేయించాలా, వేరే ఫోన్‌లోంచి తీసిన బోర్డు వేయించాలా, లేదంటే ఫోనే మార్చేయాలా? పాత కారు ఇంజిన్ విషయంలోనూ లెక్క అదే. కాకపోతే ఇక్కడ ఐఎంఈఐ బదులు ఇంజిన్ నంబర్ ఉంటుంది. అది ఆర్సీలో ఉంటుంది, ఇన్సూరెన్స్ పాలసీలో ఉంటుంది, వాహన్ డేటాబేస్‌లోనూ ఉంటుంది. బండి మీదున్న నంబర్‌కీ ఈ మూడింటికీ తేడా వచ్చిందంటే, ఎంత బాగా పరిగెత్తే ఇంజిన్ వేసినా తలనొప్పే.

మా నూజివీడు వైపు మామిడి తోటల షెడ్లలో ట్రాక్టర్ పక్కన కవర్ కప్పి ఉన్న పాత సెడాన్ కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. మా బాబాయి దగ్గర ఉన్నది హోండా సిటీ 1.5 వీటెక్. ఈ ఆర్టికల్‌లో ఉదాహరణ అదే.

ఈ కారు మీద ఎందుకంత పిచ్చి?

హోండా సిటీ మన దేశంలోకి 1998లో వచ్చింది. 1.3 మోడల్‌లో 1343 సీసీ, 90 బీహెచ్‌పీ. 1.5లో 1493 సీసీ, 100 బీహెచ్‌పీ. 2000ల మొదట్లో వచ్చిన వీటెక్ వేరియంట్ 106 బీహెచ్‌పీ ఇచ్చేది. ఆ తర్వాత 2003లో వచ్చిన కొత్త తరం సిటీ 1497 సీసీతో 77 బీహెచ్‌పీకి దిగిపోయింది. కంపెనీ మైలేజ్ వైపు వెళ్లింది, స్పీడ్ ఇష్టపడేవాళ్లు పాత కారు దగ్గరే ఆగిపోయారు.

వీటెక్ అంటే సింపుల్‌గా: తక్కువ ఆర్‌పీఎమ్‌లో వాల్వులు కొంచెమే తెరుచుకుంటాయి. ఆర్‌పీఎమ్ పెరిగాక ఈసీయూ ఒక సోలినాయిడ్‌ని ఆన్ చేస్తుంది. ఇంజిన్ ఆయిల్ ప్రెషర్‌తో ఒక పిన్ లాక్ అయ్యి, వాల్వులు ఎక్కువ ఎత్తు, ఎక్కువసేపు తెరుచుకుంటాయి. ఒకే ఇంజిన్‌లో రెండు ప్రొఫైల్స్ అనమాట. మొత్తం ఆయిల్ ప్రెషర్ మీద ఆధారపడిన వ్యవస్థ కాబట్టి ఆయిల్ నిర్లక్ష్యం చేసిన ఇంజిన్‌లో మొదట దెబ్బతినే వాటిలో ఇదొకటి.

మొదటి టెస్ట్: ఇంజిన్ నిజంగా పోయిందా?

మే నెల, రసాలు కోసే సీజన్. వెనక సీట్ నిండా మామిడి పెట్టెలు, ఏసీ ఆన్, విజయవాడ ట్రాఫిక్. బాబాయి కారు టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటేసింది. చూసిన మొదటి మెకానిక్ బానెట్ మూసేస్తూ "ఇంజిన్ మార్చేద్దాం సార్" అన్నాడు. అంత తొందర వద్దు. ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించండి.

ప్లగ్గులన్నీ తీసి, ఫ్యూయల్, ఇగ్నిషన్ కట్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఇంజిన్‌ని సెల్ఫ్‌తో తిప్పుతారు. ప్రతి సిలిండర్‌కీ గేజ్ పెట్టి రీడింగ్ రాసుకుంటారు. సిలిండర్ల మధ్య తేడా 10-15 శాతం లోపు ఉంటే కంగారు లేదు. ఒక సిలిండర్‌లో తక్కువ వస్తే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వు గానీ హెడ్ గాస్కెట్ గానీ. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లూ తక్కువ చూపిస్తే గాస్కెట్ మీద అనుమానం ఎక్కువ.

మా కారులో 3, 4 సిలిండర్లు పడిపోయాయి. ఆయిల్ పోస్తే 3 కొంచెం పెరిగింది, 4 కదల్లేదు. హెడ్ దించి చూస్తే హెడ్ వంగింది, మూడో సిలిండర్ గోడకి లోతుగా గీతలు పడ్డాయి.

మూడు దారులు

ఒకటి, ఉన్న ఇంజిన్‌కే పని చేయించడం. లేత్ షాపులో హెడ్ ఫేసింగ్, బోరింగ్, కొత్త రింగులు, బేరింగులు. దీని పెద్ద ప్లస్ పాయింట్ ఏంటంటే ఇంజిన్ నంబర్ బ్లాక్ మీద ఉంటుంది. బ్లాక్ మారకపోతే నంబర్ మారదు, పేపర్ పని ఉండదు. హెడ్ ఒక్కటే పాడైతే వేరే ఇంజిన్‌లోంచి హెడ్ మాత్రం తెచ్చుకోవచ్చు. చాలా కార్లకి కథ ఇక్కడే అయిపోతుంది. మాకు అవలేదు, బోర్ పెంచితే అందులో వేయడానికి నమ్మకమైన ఓవర్‌సైజ్ పిస్టన్లు దొరకలేదు.

రెండు, అదే మోడల్ ఇంజిన్ సెకండ్ హ్యాండ్‌లో తేవడం. మౌంట్లు, వైరింగ్, ఈసీయూ, సీసీ అన్నీ అవే. మారేది నంబర్ ఒక్కటే.

మూడు, వేరే ఇంజిన్ ఎక్కించడం. సిటీ 1.3 ఉన్నవాళ్లకి 1.5 వీటెక్ వేసేయాలని ఉంటుంది. కాగితం మీద చూస్తే ఊరిస్తుంది. రెండింటికీ బోర్ 75 ఎంఎం, స్ట్రోక్ మాత్రం 76 నుంచి 84.5 ఎంఎం అవుతుంది. కానీ 1.3 ఈసీయూకి వీటెక్ అనేది ఒకటుందని కూడా తెలీదు. ఆ సోలినాయిడ్‌ని ఆన్ చేసే అవుట్‌పుటే ఉండదు. హార్డ్‌వేర్ ఉంది, డ్రైవర్ లేదు. ఈసీయూ, వైరింగ్ కూడా మార్చాలి. అదంతా చేసినా ఆర్సీలో 1343 సీసీ అనే ఉంటుంది. వాహనాన్ని తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రోడ్డు మీద రోజూ తిప్పే కారుకి ఈ దారి వద్దే వద్దు.

ఆటోనగర్‌లో ఇంజిన్ కొనడం ఎలా?

మాకు దగ్గర అడ్డా విజయవాడ జవహర్ ఆటోనగర్. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొనడం అచ్చం మామిడికాయ కొనడమే. గడ్డిలో మగ్గిన రసం, కార్బైడ్‌తో మగ్గబెట్టిన రసం పైకి రెండూ పసుపే. కోస్తేనే తెలుస్తుంది. ఆయిల్ మరకలన్నీ కడిగేసి, సిల్వర్ పెయింట్ కొట్టి తళతళలాడుతున్న ఇంజిన్ చూసి మురిసిపోకండి. దుమ్ము పట్టిన ఇంజినే ఎక్కువ నిజం చెప్తుంది, ఎక్కడ లీక్ ఉందో కనిపిస్తుంది.

మేం చూసిన మొదటి ఇంజిన్ బాగానే తిరిగింది. రేటూ తక్కువే. నంబర్ ఉండాల్సిన చోట మాత్రం గ్రైండింగ్ గీతలు. అడిగితే "మీ ఆర్సీలో ఉన్న నంబరే పంచ్ కొట్టించేస్తాం సార్, ఎవరికీ తెలీదు" అన్నారు. బాబాయి అక్కడే వెనక్కి తిరిగాడు. "తక్కువకి వస్తుందని దొంగసొత్తు ఇంట్లో పెట్టుకుంటామా రా?" అన్నాడు. నంబర్ చెరిపేశారంటే దాని వెనక ఏదో ఉన్నట్టే. రేపు ఆ కేసు తవ్వితే కారు ఎవరి షెడ్‌లో ఉంటే వాళ్లే సమాధానం చెప్పాలి.

కొనే ముందు ఈ చెక్‌లిస్ట్ ఫోన్‌లో పెట్టుకోండి:

- ఇంజిన్ నంబర్ ఫోటో తీయండి. దాత కారు ఆర్సీ కాపీతో సరిపోవాలి.
- ఎన్‌సీఆర్‌బీ వాళ్ల 'వాహన్ సమన్వయ్'లో ఇంజిన్ నంబర్ కొట్టి అది దొంగిలించిన బండిదేమో చూడండి. పోయిన ఫోన్ ఐఎంఈఐ చెక్ చేసినట్టే.
- బిల్లు మీద ఇంజిన్ నంబర్, టెస్టింగ్ వారంటీ రాయించండి. నోటి మాట వారంటీ కాదు.
- ఆయిల్ క్యాప్ తీసి చూడండి. లోపల నల్లటి జిగురు ముద్దలుంటే వద్దు. పాలరంగు నురగ ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి.
- వీలైతే దాత కారులో ఉండగానే స్టార్ట్ చేయించి, కంప్రెషన్ చూడండి. ఓడోమీటర్ కిలోమీటర్లని నమ్మకండి.

రెండో చోట దొరికిన ఇంజిన్‌కి రేటు ఎక్కువే చెప్పారు. యాక్సిడెంట్‌లో వెనక భాగం నుజ్జయిన కారుది. ఆర్సీ కాపీ, బిల్లు, నంబర్ అన్నీ కలిశాయి. అదే తీసుకున్నాం.

ఎక్కించేటప్పుడు

ఇంజిన్ బయట ఉన్నప్పుడు గంటలో అయ్యే పని, ఎక్కించాక రోజంతా పడుతుంది. అందుకే టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంప్, క్రాంక్ ఆయిల్ సీళ్లు, క్లచ్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ కిందే మార్చించేయండి. ఈ ఇంజిన్‌లో టైమింగ్ బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులని కొట్టేస్తాయి. పాత బెల్ట్ ఎన్నేళ్లదో తెలియకుండా దాని మీద ప్రయాణం చేయొద్దు.

కనెక్టర్లు ఊడదీసే ముందు ప్రతిదానికీ టేప్ అంటించి పేరు రాయండి, వీడియో తీయండి. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైర్లు శుభ్రంగా గీకి బిగించండి. సెన్సార్ ఎర్రర్లు చాలావరకు అక్కడి నుంచే పుడతాయి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఫ్యూయల్, ఇగ్నిషన్ కట్ చేసి, ఆయిల్ లైట్ ఆరేదాకా సెల్ఫ్‌తో కొద్దికొద్దిగా తిప్పాలి. ఎండిపోయిన బేరింగులకి ఆయిల్ చేరాలి కదా.

ఇప్పుడు అసలు విషయం, కూలింగ్. పాత ఇంజిన్‌ని చంపింది వేడి. ఆ కారణం అలాగే వదిలేసి కొత్తది ఎక్కిస్తే దానికీ అదే గతి. మా రేడియేటర్ సగం ట్యూబులు మూసుకుపోయి ఉన్నాయి. ఏళ్ల తరబడి కూలెంట్ బదులు తోటలోని బోరు నీళ్లు పోశారు, ఆ ఉప్పంతా గట్టిపడింది. మా ఎండకి థర్మోస్టాట్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉంటారు, వినకండి. అది లేకపోతే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, ఈసీయూ పెట్రోల్ ఎక్కువ కొడుతుంది, మైలేజ్ పడిపోతుంది. కొత్త థర్మోస్టాట్, శుభ్రమైన రేడియేటర్, సరైన కూలెంట్ వేయించండి. గాలి బుడగలు పోయేదాకా హీటర్ ఆన్ చేసి బ్లీడ్ చేయించండి. ఫైనల్ టెస్ట్: మిట్టమధ్యాహ్నం, ఏసీ ఆన్, ఐడిల్‌లో 20 నిమిషాలు. ఫ్యాన్ తిరిగి, ఆగి, మళ్లీ తిరగాలి. ముల్లు మాత్రం కదలకూడదు.

పేపర్లు: దీన్ని స్కిప్ చేయకండి

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మారిస్తే 14 రోజుల్లో ఆర్టీఓకి తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. నన్నడిగితే ఇంజిన్ దించకముందే ఆఫీస్‌కి వెళ్లి, ఏ కాగితాలు అడుగుతారో కనుక్కుని అనుమతి తీసుకోండి. ఆర్సీ అప్‌డేట్ అయ్యాక ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పండి.

15 ఏళ్లు దాటిన సొంత కారుకి ప్రతి 5 ఏళ్లకీ రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉంటుంది. 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి కారుకి ఆ ఫీజే ₹10,000. ఇన్‌స్పెక్షన్‌లో నంబర్ కలవకపోతే ఇంజిన్ మీద పెట్టిన డబ్బంతా షెడ్‌లోనే ఉండిపోతుంది.

మా వెర్డిక్ట్

బ్లాక్ బాగుంటే ఉన్న ఇంజిన్‌నే బాగుచేయించండి. బ్లాక్ పోతే అదే మోడల్ ఇంజిన్, అన్ని కాగితాలతో, రేటు ఎక్కువైనా సరే. 1.3కి వీటెక్ వేయాలనే కోరిక ఉంటే ఆ డబ్బుతో మంచి వీటెక్ కారే వెతుక్కోండి, నిజంగా అదే చవక. బడ్జెట్ వేసేటప్పుడు ఇంజిన్ రేటు పక్కన ఇంకో మూడు గళ్లు గీయండి: కూలింగ్, బెల్ట్-క్లచ్-సీళ్లు, పేపర్లు. ఆ మూడు గళ్లూ నింపలేకపోతే ఇంజిన్ కొనకండి, ఇంకో సీజన్ ఆగండి. కారు షెడ్‌లో ఇన్నేళ్లు ఉంది, ఇంకో ఏడాది ఉంటే ఏం కాదు.