బ్రేకు పెడల్ బిగిసిందా? ముందు గొట్టం చూడండి

మచిలీపట్నం నుంచి చల్లపల్లి మీదుగా మోపిదేవి వెళ్లే దారిలో ఘాట్లు లేవు. అయినా ధాన్యం ట్రాక్టర్లు, గేదెల మందలు బ్రేకును ఊరుకోనివ్వవు.

బరువైన కారును ఆపడానికి కాలి బలం ఒక్కటే చాలదు. 1927లో బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ దెవాండ్ర్ ఈ పనికి వాతావరణ పీడనాన్నే వాడుకున్నాడు. పెడల్ ముందుండే బూస్టర్ డబ్బాలో రబ్బరు పొర ఉంటుంది. దానికి ఒకవైపు గాలిని ఇంజన్ గొట్టం ద్వారా లాగేసి వ్యాక్యూమ్ చేస్తుంది; పెడల్ నొక్కగానే రెండోవైపు బయటిగాలి దూరి పొరను తోస్తుంది. మోపిదేవి ఉన్న దివిసీమ సముద్రమట్టానికి దగ్గర కాబట్టి అక్కడ ఆ తోపు నిండుగా ఉంటుంది. ఎత్తునున్న అరకులో గాలి పీడనం సుమారు పదో వంతు తక్కువ.

పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కాలి. కాలు తీయకుండానే స్టార్ట్ చేయాలి. పెడల్ కాస్త కిందికి దిగితే వ్యాక్యూమ్ అందుతున్నట్టే. దిగకపోతే గొట్టంలో చీలిక, వదులైన క్లిప్పు, పాడైన వన్‌వే వాల్వ్ వెతకాలి. నొక్కినప్పుడల్లా బుస్సుమని ఆగకుండా వినిపిస్తే లోపలి పొర మీదే అనుమానం.

మెకానిక్ గేజీ పెడితే, మామూలు పెట్రోలు ఇంజన్ ఐడిల్‌లో సుమారు 17 నుంచి 22 అంగుళాల పాదరసం వ్యాక్యూమ్ చూపాలి. చాలామంది నేరుగా బూస్టర్ మార్చేస్తారు, అది తొందరపాటు. డీజిల్ బండికైతే విడిగా వ్యాక్యూమ్ పంపు ఉంటుంది, చాలా మోడళ్లలో ఆల్టర్నేటర్ వెనకే. బూస్టర్ జోలికి వెళ్లేముందు దాన్నీ చూడాలి.