ఉపగ్రహం చూడలేనిది మన పిల్లలు చూడగలరు

కాడుగోడికి దక్షిణంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో వర్తూరు చెరువు ఉంది. బెళ్లందూరు చెరువు నీరు ఇందులోకి వచ్చి, ఆపై దక్షిణ పినాకిని వైపు పోతుంది. నగరం వదిలిన మురుగుతో ఈ రెండు చెరువులూ నురగలు కక్కడం మనం చూశాం. 2017 ఫిబ్రవరిలో బెళ్లందూరు చెరువులో మంటలే లేచాయి.

ఈ చెరువుల చుట్టూ నగరం ఎలా పెరిగిందో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో టి.వి. రామచంద్ర బృందం ఉపగ్రహ చిత్రాలతో లెక్కకట్టింది. 1973లో నగరంలో కట్టడాలు సుమారు 8 శాతం. 2012 నాటికి 58 శాతం. పచ్చదనం 68 శాతం నుంచి 25 శాతం లోపుకు పడిపోయింది.

లెక్క ఎలా కడతారు? పచ్చని ఆకు ఎర్రటి కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనిపించని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. నీరు ఆ పరారుణ కాంతిని దాదాపు మింగేస్తుంది. ఈ తేడాను బట్టి కంప్యూటరు నీటిని, చెట్లను, కట్టడాలను వేరు చేస్తుంది. పాత మార్పులకు రోడ్లు, నేల వాలు జోడించి నగరం రేపు ఎటు పెరుగుతుందో అంచనా వేసే లెక్కల పద్ధతే ‘మోడల్’.

అయితే ఒక చిక్కుంది. గుర్రపుడెక్క కమ్మిన చెరువు పైనుంచి చూస్తే పచ్చిక బయలులా కనిపిస్తుంది. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో గడి 30 మీటర్ల చదరం. అంతకన్నా సన్నని రాజకాలువ అందులో స్పష్టంగా తేలదు. అందుకే శాస్త్రవేత్తలు చిత్రాన్ని నేలమీది నిజంతో సరిచూసుకుంటారు. నేల తప్పుగా చదివితే అంచనా కూడా తప్పుతుంది.

ఇక్కడే మన తెలుగు బడుల పిల్లలకు పని ఉంది. ఇస్రో వారి ‘భువన్’ పటాలు ఉచితంగా చూడవచ్చు. ఉపాధ్యాయుల వెంట గట్టు మీదికి వెళ్లి, నీటిలోకి దిగకుండా, పటంలో ఉన్నదీ కళ్లెదుట ఉన్నదీ పోల్చి రాయవచ్చు. పాత కాలువ ఎటు పారేదో పెద్దలను అడగవచ్చు. మనం అలుగు అనేదాన్ని కన్నడంలో కోడి అంటారు. రెండు మాటలూ తెలిసిన పిల్లవాడు రెండిళ్ల తాతలనూ అడగగలడు. వాళ్లు చెప్పే సంగతులు ఏ ఉపగ్రహానికీ అందవు. వాళ్లు ఉండగానే రాసిపెట్టుకుందాం.