వార్తల్లో పదం: ట్రైజెమినల్ న్యూరాల్జియా

బాలీవుడ్ నటుడు సల్మాన్ ఖాన్ 2025లో కపిల్ శర్మ షోలో తన జబ్బుల గురించి చెప్పినప్పుడు ఈ పేరు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. పలకడం కష్టం, భరించడం ఇంకా కష్టం.

మెదడు నుంచి నేరుగా బయలుదేరే 12 జతల నరాల్లో ఐదోది ట్రైజెమినల్. లాటిన్‌లో ఆ మాటకు ‘ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురు’ అని అర్థం. పేరుకు తగ్గట్టే మూడు పాయలుగా చీలుతుంది: నుదురు, కంటికి ఒకటి, బుగ్గ, పైదవడకు ఒకటి, కింది దవడకు మూడోది. నమిలే కండరాలను ఆడించేదీ ఈ మూడో పాయే.

మెదడు కాండం దగ్గర ఏదైనా రక్తనాళం ఈ నరాన్ని ఒరుసుకుంటే దాని పైపొర అరిగిపోతుంది. అప్పుడు పళ్లు తోముకున్నా, గడ్డం గీసుకున్నా, చల్లగాలి తగిలినా ముఖంలో ఒకవైపు కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి. క్షణం నుంచి రెండు నిమిషాల దాకా ఉండి, ఆగిపోతుంది. మళ్లీ వస్తుంది. పంటినొప్పి అనుకుని మంచి పళ్లు పీకించుకున్నవాళ్లూ ఉన్నారు!

దవడ కీలు నొప్పి వేరు. అది చెవి ముందు మందంగా సలుపుతుంది. నోరు తెరిస్తే టక్కుమంటుంది.

ఈ నరం నొప్పికి మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచేయవు. మూర్ఛకు వాడే కార్బమజెపైన్‌తోనే వైద్యం మొదలుపెడతారు. లొంగకపోతే ఆపరేషన్ చేసి, నరానికీ రక్తనాళానికీ మధ్య చిన్న టెఫ్లాన్ మెత్త పెడతారు.