దూరదర్శినికి క్రొత్త మోటారు

భూమి 23 గంటల 56 నిమిషముల 4 సెకండ్లలో తన చుట్టు తాను తిరుగును. అందుచేత దూరదర్శినిలో చూచుచుండగనే నక్షత్రము గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరిగిపోవును. దానిని వెన్నంటుటకే పీఠమునకు మోటారు అమర్చుదురు.

వెనుకటి అమెరికా దూరదర్శినులు పెక్కింటిలో ఈ మోటారు ఇంటి కరెంటుతో నడచెడిది. దాని వేగమునకు కరెంటు సైకిళ్లే ఆధారము. అమెరికాలో అవి సెకండునకు 60. మన దేశమున 50. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మార్చగలదు గాని సైకిళ్లను మార్చజాలదు. కావున అట్టి దూరదర్శిని ఇచ్చట ఆరవ వంతు వేగము కోల్పోయి, గంటలో రెండున్నర డిగ్రీలు, అనగా అయిదు చంద్రబింబముల వెడల్పు, వెనుకబడును. మోటారునందు లోపమేమియు లేకున్నను దానిని మార్చక తప్పదు.

నేడు దాని స్థానమున స్టెప్పర్ మోటారు నుంచవచ్చును. ఇది బ్యాటరీతో నడచును. వేగమును క్వార్ట్జ్ స్ఫటికము నిర్ణయించును. సాధారణముగా ఇది ఒక చుట్టును 200 అడుగులుగా తిరుగును. పీఠమునందలి పెద్ద చక్రమునకు 144 పండ్లున్నచో, దానిని త్రిప్పు మరచుట్ల కడ్డీ 9 నిమిషముల 58 సెకండ్లకు ఒక చుట్టు తిరుగవలెను. మోటారును ఆ కడ్డీకి నేరుగా తగిలించినచో, అడుగడుగునకు దూరదర్శిని ఇంచుమించు బృహస్పతి బింబమంత దూరము గెంతును. నడుమ వేగమును 60వ వంతునకు తగ్గించు పండ్ల చక్రము లుంచినచో ఆ గెంతు కంటికి కానరాదు.

పండ్లను మరీ బిగువుగ నొత్తినచో మోటారు ఆగిపోవును; వదులైనచో నక్షత్రము తొలుత జారును. పీఠపు ఇరుసును ఉత్తర ధ్రువము వైపునకు సరిగా నిలిపి, ఓరియన్ నడికట్టునందలి చుక్క నొకదానిని చూడుడు. పది నిమిషములు అది కదలక నిలిచినచో పని నెరవేరినట్లే.