గేటు కాడ కొత్తిమీర, రోడ్డు మీద టిప్పర్

హైదరాబాద్ పడమటి కాలనీల్లో సాయంత్రం చారులో పడే కొత్తిమీర, పొద్దున పూజకు కొన్న చామంతులు, హల్వా కోసం తురిమిన క్యారెట్... ఇవన్నీ ఏ దారిన వచ్చాయని ఎవరూ అడగరు. చాలా మటుకు అన్నీ ఒకే రోడ్డెక్కి వస్తాయి. కాగితాల మీద అది 163వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లకు బీజాపూర్ రోడ్డు. మొయినాబాద్ నుంచి మన్నెగూడ దాకా ఊళ్లలో ఉన్నవాళ్లకూ, సెలవు రోజున అనంతగిరికి కార్లేసుకుని పోయే సిటీ జనానికీ ఉత్త చేవెళ్ల రోడ్డు.

లంగర్‌హౌస్ దాటి, పోలీస్ అకాడమీ పక్కన అప్పా జంక్షన్ దగ్గర ఔటర్ రింగు రోడ్డును దాటితే నగరం వెనకబడుతుంది. అకాడమీ పేరు ఎప్పుడో మారినా, ఆంధ్రప్రదేశ్ పోలీస్ అకాడమీ పొడి అక్షరాలతో పుట్టిన ‘అప్పా’ మాత్రం బస్సు కండక్టర్ల నోట్లో అలాగే ఉండిపోయింది. అక్కడి నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. మన్నెగూడలో దారి చీలుతుంది. ఒకటి వికారాబాద్, తాండూరు వైపు, ఇంకొకటి పరిగి, కొడంగల్ మీదుగా కర్ణాటకలోకి. నగరం దగ్గర ఎర్రనేలల్లో ఆకుకూరలు, పూలు. తాండూరు చేరేసరికి నల్లరేగడి, కంది చేలు. 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కిన తాండూరు కందిపప్పు ఈ చివరిదే.

ఇంత పెద్ద నగరానికి ఇంత దగ్గరలో ఇన్ని పొలాలు ఎలా మిగిలాయన్నది తెలిస్తేనే ఈ రోడ్డు అర్థమవుతుంది. రోడ్డు మొదట్లో కుడివైపు గండిపేట, ఎడమవైపు హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరదల తర్వాత నిజాం సర్కారు కట్టించిన జలాశయాలు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వాటి నీళ్లు చెడకూడదని 1996 మార్చిలో 111 జీవో తెచ్చారు. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో పెద్ద నిర్మాణాలకు అడ్డుకట్ట పడింది. కూతవేటు దూరంలో కోకాపేటలో ఆకాశాన్నంటే టవర్లు లేస్తుంటే, ఇటు పక్క టమాట, బెండ, బంతి సాగుతూనే ఉన్నాయి.

రైతులందరూ ఆ జీవోను నెత్తిన పెట్టుకున్నారనుకుంటే పొరపాటు. పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే తమది మాత్రం పలకదేమని వాళ్లు పాతికేళ్లు అడిగారు. ఆ అడగడంలో న్యాయముంది. మంది తాగే నీళ్ల కోసం ఒక రైతు మాత్రమే నష్టపోవాలని ఏ ధర్మశాస్త్రమూ చెప్పదు. 2022 ఏప్రిల్‌లో 69వ జీవోతో ఆంక్షలు సడలించారు. ఇక జీవో ఉన్నన్నాళ్లూ పొలాలన్నీ రైతుల చేతుల్లోనే ఉన్నాయనుకోవడమూ భ్రమే. మామిడి మొక్కలు, గోడలు, గోడల మీద గాజు పెంకులు, గేటు పక్కన కాపలా గది... ఫామ్‌హౌసులు ఆ ఆంక్షల చాటునే మొలిచాయి.

నీళ్లు మాత్రం ఎప్పుడూ సమస్యే. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి ఈ ఊళ్ల నుంచే గండిపేటకు పోతుంది. పొలాలకు ఆధారం మాత్రం బోరు. బోరులో వచ్చే రెండంగుళాల నీటితో ఎకరాల కొద్దీ వరి పారదు. అదే నీటిని డ్రిప్పుతో సర్దుకుంటే అరెకరం టమాట, పావెకరం కొత్తిమీర గట్టెక్కుతాయి. నలభై రోజుల్లో చేతికొచ్చే ఆకుకూర, పక్కనే అమ్ముకోవడానికి నగరం. ఇక్కడి సాగును ఈ లెక్కే నడిపింది, ఏ పథకమూ కాదు.

పథకాల మాట వస్తే చేవెళ్లకు కొదవ లేదు. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలైంది ఇక్కడి నుంచే. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక నేతలకు చేవెళ్ల సెంటిమెంటుగా మారింది. 2008లో శంకుస్థాపన జరిగిన ప్రాణహిత-చేవెళ్ల ఎత్తిపోతల పథకం లక్ష్యం 16 లక్షల ఎకరాలకు పైగా. 2016లో దాన్ని మార్చి కాళేశ్వరం చేశారు. పేరులోంచి చేవెళ్ల పోయింది, గోదావరి నీళ్లు చేవెళ్లకు రానేలేదు. రైతు మళ్లీ బోరుబండిని పిలిపించుకున్నాడు.

రాత్రి పూట రోడ్డు

ఈ రోడ్డు అసలు పని రాత్రి మొదలవుతుంది. ఎండ తగ్గాక కోత. పాలకూర, మెంతి, కొత్తిమీరను కోసి, వేళ్లకంటిన మన్ను దులిపి, కట్టలు కట్టి, తడి గోనెసంచి కప్పుతారు. క్యారెట్‌కు ఇంకో పని ఉంది. మన్నుతో ఉన్న క్యారెట్‌ను మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. బోరు దగ్గర కుప్పపోసి, నీళ్లు కొట్టి కడిగితేనే ఆ నారింజ రంగు బయటపడుతుంది. కడిగినకొద్దీ ధర, కడిగాక ఆగినకొద్దీ నష్టం. కాబట్టి కడగడం, సంచుల్లోకి ఎత్తడం, డీసీఎం ఎక్కించడం అన్నీ ఒక్క ఊపులో జరిగిపోవాలి. అర్ధరాత్రి దాటాక ట్రాలీ ఆటోలు, బొలెరోలు, డీసీఎంలు ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. కొన్ని గుడిమల్కాపూర్‌కు, కొన్ని బోయిన్‌పల్లికి, కొన్ని మెహిదీపట్నం రైతుబజారుకు.

పూలదీ అదే వేళ. చేవెళ్ల, షాబాద్, మొయినాబాద్ మండలాల గులాబీ, బంతి, చామంతి తెల్లారకముందే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు చేరాలి. పూలరైతు పంచాంగం వేరు. శ్రావణం, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి, ఆపైన పెళ్లి ముహూర్తాలు. బంతి సాగు చేసినవాడు దసరాకు పూత అందేలా నారు పోసుకుంటాడు. వాన అటూ ఇటూ అయి పది రోజులు ఆలస్యమైతే పువ్వు బ్రహ్మాండంగా వస్తుంది, కొనేవాడు మాత్రం ఉండడు. ప్రభుత్వం పెద్ద రాయితీ ఇచ్చిన రోజుల్లో ఇటు పక్క పాలీహౌసులు చాలానే లేచాయి. వాటిలో పెరిగిన జర్బెరాలు ఫంక్షన్ హాళ్ల వేదికలెక్కాయి. చిన్న రైతుకు మాత్రం ఇప్పటికీ ఆరుబయట బంతే దిక్కు.

మార్కెట్లో ఏం జరుగుతుందో కొత్తగా చెప్పేదేం లేదు. అడ్తిదారు సరుకు చూస్తాడు, ధర కడతాడు, కమీషన్ పట్టుకుంటాడు. విత్తనాలకో, ఇంట్లో ఆసుపత్రి ఖర్చుకో ముందే అప్పిచ్చిన అడ్తిదారయితే రైతు వేరే దుకాణం వైపు చూసే వీలే ఉండదు. ఈ బాధ తప్పించడానికే 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతుబజార్లు మొదలుపెట్టారు. మంచి ఆలోచన. కానీ రైతుబజారులో గుర్తింపు కార్డుండాలి, కూర్చోవడానికి చోటు దొరకాలి, పొద్దంతా అక్కడే ఉండాలి. పొలంలో పని వదిలేసి రోజూ వెళ్లేదెవరు?

దానికి ఈ రోడ్డు మీది ఆడవాళ్లు ఒక దారి కనుక్కున్నారు. నగరానికి పోవడం మానేసి, నగరమే తమ ముందు నుంచి పోతుంటే ఆపి అమ్మడం. ఊళ్లన్నీ రోడ్డుకు లోపలగా ఉంటాయి. ఊరిదారి వచ్చి పెద్దరోడ్డును కలిసే చోటును ఫలానా గేటు అంటారు. నిజంగా అక్కడ గేటేమీ ఉండదు. ఒక బస్సు షెల్టరు, ఒక మర్రిచెట్టు, టీకొట్టు. ఆ చెట్టు కిందే పట్టా పరిచి టమాట, వంకాయ, కొత్తిమీర, సీజన్‌లో సీతాఫలాలు, మక్కకంకులు పెడతారు. శనివారం, ఆదివారం కార్లు వరసగా ఆగుతాయి. ‘తాజాదేనా అమ్మా’ అని అడిగేవాళ్లకు, పొద్దున్నే కోసిందని చెప్పడానికి వెనకనే పొలం ఉంది. బేరం మాత్రం తప్పదు. మాల్‌లో చీటీ మీది ధర చూసి మారు మాట్లాడనివాళ్లు ఇక్కడ కట్టకు అయిదు రూపాయలు తగ్గించమంటారు. అయినా అడ్తిదారు చేతికిచ్చే దానికంటే నయమే. కమీషన్ లేదు, కిరాయి లేదు, డబ్బు అప్పటికప్పుడు చేతిలో పడుతుంది.

2024 డిసెంబరు, 2025 నవంబరు

అలాంటి చోటే చేవెళ్ల మండలం ఆలూరు. 2024 డిసెంబరు 2న అదుపు తప్పిన ఒక లారీ రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి దూసుకెళ్లి, చెట్టును గుద్దుకుని ఆగింది. నలుగురు చనిపోయారు. ఎంతోమంది గాయపడ్డారు.

ఏడాది తిరక్కుండానే, 2025 నవంబరు 3 పొద్దున, అదే మండలంలో మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొంది. టిప్పర్‌లోని కంకర బస్సులోకి ఒరిగి ప్రయాణికుల్ని ముంచేసింది. 19 మంది పోయారు. సొంతూరు వచ్చి సోమవారం మళ్లీ చదువులకూ కొలువులకూ వెళ్తున్నవాళ్లు అందులో ఉన్నారు.

ఈ రెండు ప్రమాదాలనూ ఒక్కచోట పెట్టి చూస్తే రోడ్డు గుట్టు తెలుస్తుంది. ఒక చివర తాండూరు. దాని నాపరాళ్లు, సిమెంటు, దారి పొడవునా క్రషర్ల కంకర, అన్నీ నగరానికే. నగరం ఎంత కడితే అన్ని లారీలు. ఇంకో వైపు తిండి. నగరం ఎంత పెరిగితే అన్ని కూరగాయల బండ్లు. రెండూ పోయేది ఒకే రెండు వరసల రోడ్డు మీద. మధ్యలో ఆర్టీసీ బస్సులు, కాలేజీ పిల్లల బైకులు, ఫామ్‌హౌసు కార్లు, ట్రాక్టర్లు. డివైడర్ లేదు. ఎదురుగా వచ్చేవాడి జాగ్రత్త మీదే మన ప్రాణం.

రోడ్డును వెడల్పు చేయాలన్న మాట కొత్తది కాదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా నాలుగు వరసల పనికి 2022 ఏప్రిల్‌లో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ శంకుస్థాపన చేశారు. పని నిలిచింది మర్రిచెట్ల దగ్గర. నిజాం కాలంలో నాటినవని చెప్పుకునే మర్రిచెట్లు ఈ దారిలో తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి. వాటిని కొట్టేయవద్దని పర్యావరణ ప్రేమికులు ఒక్కో చెట్టునూ లెక్కగట్టి, జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్ల వాదన తర్వాత, వీలైనన్ని చెట్లను ఉన్నచోటే ఉంచి, తప్పనివాటిని పెకిలించి వేరే చోట నాటే ఏర్పాటుతో 2025 అక్టోబరు చివర్లో దారి సుగమమైంది. కొద్ది రోజులకే మీర్జాగూడ ప్రమాదం. వెంటనే నోళ్లు లేచాయి. చెట్ల కోసం మనుషుల్ని చంపారని కొందరు తీర్పు చెప్పేశారు.

ఆ తీర్పు అన్యాయం. చెట్టు రోడ్డు మీదికి నడిచిరాదు. గుంతలు పూడ్చడానికి, కంకర లారీ మీద టార్పాలిన్ కప్పించడానికి, బరువు తూచడానికి, మలుపుల దగ్గర వేగానికి కళ్లెం వేయడానికి ఏ ట్రిబ్యునలూ అడ్డు చెప్పలేదు. అలాగని చెట్ల పక్షాన నిలిచినవాళ్ల వాదనలోనూ ఒక ఖాళీ ఉంది. పక్షులు, నీడ, చరిత్ర గురించి చాలా మాట్లాడారు, ఆ నీడనే దుకాణంగా చేసుకున్న మనిషి గురించి మాట్లాడింది తక్కువ. అటు రోడ్డు కావాలన్నవాళ్ల లెక్కల్లో ఉన్నది వాహనాల సంఖ్య, ప్రయాణ సమయం. కూరగాయల గంపకు రెండు లెక్కల్లోనూ చోటు లేదు.

నాలుగు వరసలు రావాలి, అందులో రెండో మాట లేదు. చేవెళ్లకూ మొయినాబాద్‌కూ బైపాస్‌లు ప్రణాళికలో ఉన్నాయి. డివైడర్ వస్తే ఎదురెదురు ఢీకొట్టుకోవడాలు తగ్గుతాయి. సగం రాత్రి డీసీఎం నడిపే కుర్రాడికి అంతకన్నా కావాల్సింది ఏముంది? కానీ వెడల్పయిన రోడ్డు మీద వేగమూ పెరుగుతుంది. డివైడర్ అవతల పొలమున్న రైతు, ఇటు ఊళ్లో ఇల్లున్న రైతు మోపు నెత్తిన పెట్టుకుని ఎక్కడ దాటాలి? యూటర్న్ కోసం కిలోమీటర్ల దూరం తిరిగే ఓపిక ట్రాక్టర్‌కు ఉండదు. రాంగ్ రూట్‌లో వస్తుంది. చామంతుల మోపుతో బైకూ అలాగే వస్తుంది. హైదరాబాద్ నుంచి బయల్దేరే ప్రతి జాతీయ రహదారి మీదా ఈ బొమ్మ చూసినవాళ్లమే. ఇక్కడ కొత్తగా ఆశ్చర్యపోనక్కర్లేదు.

అమ్మేవాళ్ల సంగతి ఇంకా తేలిక. జాతీయ రహదారి మీద కూరగాయలు అమ్మడం ఆక్రమణ కింద వస్తుంది. ప్రమాదం జరిగిన మర్నాడు పోలీసులు వచ్చి లేపేస్తారు. వారానికి మళ్లీ పట్టాలు పరుచుకుంటాయి. లేపేసేవాళ్లకూ తెలుసు, వాళ్లు వెళ్లడానికి వేరే చోటు లేదని. సిటీ కార్లు ఆగేది రోడ్డు పక్కన. పంట కొనేవాడు ఎక్కడ ఆగితే అమ్మేవాడు అక్కడే ఉంటాడు. పోలీసు లాఠీతో మార్చగలిగే విషయం కాదిది.

మార్చగలిగింది ఇప్పుడు, పని నడుస్తున్నప్పుడే. తారు పడి, టోల్ గేటు లేచాక ఎవరూ వినరు. ప్రతి గేటు దగ్గరా రోడ్డుకు కాస్త లోపలగా, కార్లు దిగి నిలుపుకునేందుకు జాగా, దాని పక్కన రేకుల షెడ్డు, ఒక కుళాయి, ఒక దీపం ఉంటే చాలు. ట్రాక్టర్లకూ బైకులకూ సర్వీసు రోడ్డు, నడిచి దాటేందుకు అండర్‌పాస్ ఉండాలి. మిగిలిన మర్రిచెట్లు ఆ షెడ్ల దగ్గరే పడితే మరీ మంచిది. వందల కోట్ల పనిలో ఇదెంత? జిల్లా యంత్రాంగం స్థలం చూపించాలి, రహదారుల సంస్థ నక్షాలో గీయాలి, చేవెళ్ల పేరుతో ఓట్లడిగే నాయకులు పట్టుబట్టాలి. రంగారెడ్డి, వికారాబాద్ రెండు జిల్లాలూ కలిసి అడిగితే కాదనేవాళ్లు లేరు.

మనవంతుగా చేయదగినవీ రెండున్నాయి. అనంతగిరి నుంచి తిరిగొచ్చేటప్పుడు కొత్తిమీర కొనాలనిపిస్తే కారును రోడ్డు తారు మీద ఆపకండి, పూర్తిగా పక్కకు దించి ఆపండి. ఆ అయిదు రూపాయల బేరం మానేయండి.